మనసు అన్నమయమైతే

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కొడుకు శ్వేతకేతువుకు ఒక పరీక్ష పెడతాడు. కొడుకు పన్నెండేళ్లు గురువుల దగ్గర ఉండి వేదాలన్నీ నేర్చుకుని ఇంటికి వచ్చాడు, తనకు తెలియనిది లేదన్న ధీమాతో ఉన్నాడు. తండ్రి అతన్ని పదిహేను రోజులు అన్నం మానెయ్యమంటాడు. నీళ్లు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని తాగవచ్చు, ప్రాణం నీటిని పట్టుకుని నిలుస్తుంది కనుక. పదహారో రోజున పిలిచి ఋక్కులు చెప్పు, యజుస్సులు చెప్పు, సామాలు చెప్పు అని అడుగుతాడు. ఒక్కటీ తోచడం లేదంటాడు శ్వేతకేతువు. పెద్ద మంట ఆరిపోయి మిణుగురు పురుగంత నిప్పుకణిక మిగిలితే అది దేన్నీ కాల్చలేదు, నీ పరిస్థితి ఇప్పుడు అదే, వెళ్లి భోంచేసి రమ్మంటాడు తండ్రి. కొడుకు తిని వచ్చి అడిగినవన్నీ చెబుతాడు. తిన్న అన్నంలో స్థూలమైన భాగం మలమై పోతుందని, మధ్యభాగం మాంసమవుతుందని, అతి సూక్ష్మమైన భాగం మనసు అవుతుందని అంతకుముందే ఉద్దాలకుడు చెప్పి ఉన్నాడు. పదిహేను రోజుల పస్తు ఆ మాటకు రుజువు. ఈ ఘట్టాన్ని మనం ప్రవచనాల్లో తరచు వింటాం, విన్న ప్రతిసారీ మంచి తిండి తింటే మంచి బుద్ధి పుడుతుందన్న నీతిగా కుదించేస్తాం. నిజానికి ఆ పరీక్షలో తండ్రి ఏ పదార్థం మంచిదో ఏది చెడ్డదో ఒక్క మాట కూడా అనలేదు. ఆయన చూపించినది అంతకంటే కటిక నిజం. అన్నం లేకపోతే జ్ఞాపకం లేదు, ఎంత చదువుకున్నవాడికైనా సరే.

ఈ మాటను పడుచువాడైన శ్వేతకేతువుకు కాక డెబ్భై ఏళ్లు దాటిన మనిషికి అన్వయిస్తే ఏం తేలుతుందన్నది నా ప్రశ్న. ముసలితనంలో తిండి తగ్గించుకోవడం మన సంప్రదాయంలో ఒక గుణంగా చెలామణి అవుతోంది. ఒంటిపూట భోజనం, ఏకాదశి పస్తు, కార్తీక సోమవారాలు, పైన ‘ఈ వయసులో నాకెందుకు’ అన్న మాట. పెద్దవాళ్లు అలా అంటే పిల్లలు దాన్ని వైరాగ్యమనుకుని గౌరవిస్తారు. నేను అనేదేమిటంటే, మనసు అన్నమయమని ఒప్పుకున్నవాళ్లు ఈ వైరాగ్యాన్ని అంత తేలిగ్గా గౌరవించకూడదు. ఆహారం విషయంలో మన గ్రంథాల్లో రెండు ధోరణులున్నాయి. ఒకటి శుద్ధి, నిగ్రహం. రెండోది పోషణ. వయసు మళ్లిన మనిషి విషయంలో రెండోదే ముందుండాలి. అది కూడా ఆ మనిషి ఒక్కడి బాధ్యతగా కాక, ఇంట్లో చుట్టూ ఉన్నవాళ్లు తీర్చవలసిన రుణంగా ఉండాలి.

తిండికీ మతికీ ఉన్న ముడిని చూపడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. పెల్లాగ్రా అనే జబ్బు ఒకప్పుడు దక్కన్ పీఠభూమిలో, జొన్న తప్ప మరో తిండి దొరకని పేదల్లో కనిపించేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొరలుగా లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చివరికి మతి చలిస్తుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకంటియా దీన్ని పరిశోధించి, జొన్నలో మోతాదు మించి ఉండే లూసిన్ ఇందుకు కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత చాలా చర్చ జరిగింది. నియాసిన్ అనే విటమిన్ లోపమే మూలమన్న విషయంలో మాత్రం వివాదం లేదు. అంతకు నాలుగు దశాబ్దాలకు పైగా ముందే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ పిచ్చాసుపత్రులను తిరిగి చూసి, అక్కడి రోగులకు పెల్లాగ్రా వస్తున్నా వాళ్ల మధ్యే మసిలే సిబ్బందికి రాకపోవడం గమనించాడు. రోగుల పళ్లెంలో మొక్కజొన్న, బెల్లపుపాకం తప్ప పెద్దగా ఏమీ లేవు. పాలు, గుడ్లు, మాంసం, పప్పులు పెడితే జబ్బు రావడం ఆగిపోయింది. పిచ్చివాళ్లుగా ముద్రపడి గదుల్లో పడి ఉన్న మనుషుల్లో కొందరికి కావలసింది పళ్లెంలో మరో పదార్థం. పూర్వజన్మ కర్మ అనో, గ్రహచారం అనో సరిపెట్టుకోవడానికి వీల్లేని ఉదాహరణ ఇది.

పెల్లాగ్రా ఇప్పుడు అరుదు. బీ12 లోపం అరుదు కాదు. ఈ విటమిన్ మాంసం, చేపలు, గుడ్లలో ఉంటుంది, పాలు పెరుగుల్లో కొంత ఉంటుంది, మొక్కల నుంచి వచ్చే తిండిలో దాదాపు ఉండదు. వయసు పైబడ్డాక కడుపులో ఆమ్లం ఊరడం తగ్గి, తిన్నదాంట్లో ఉన్న బీ12 కూడా సరిగా ఒంటబట్టదు. షుగరుకు ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్, రోజూ పరగడుపున మింగే గ్యాస్ మాత్ర ఆ లోటును ఇంకా పెంచుతాయి. ఒక పూట భోజనం మానేసి, రెండో పూట చారు, మజ్జిగతో సరిపెట్టుకునే శాకాహారి పెద్దావిడకు ఈ కారణాలన్నీ ఒకేసారి చుట్టుకోవచ్చు. మరుపు, తికమక, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలుడు మొదలైతే ఇంట్లోవాళ్లు వయసైపోయింది కదా అంటారు. తొందరగా పట్టుకుంటే సూదిమందుతోనో మాత్రతోనో చాలావరకు వెనక్కి తిప్పగలిగిన మరుపు అది, ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం మిగిలిపోతుంది. ఇక్కడ మన యల్లాప్రగడ సుబ్బారావు పని గుర్తుచేసుకోవాలి. భీమవరంలో పుట్టిన ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ మందు రక్తహీనతతో బాధపడే లక్షలమందిని నిలబెట్టింది. కాని బీ12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయని వైద్యులు తర్వాత తెలుసుకున్నారు. మనసు అన్నమయం అన్న వాక్యం ఎంత నిజమో అంత చిక్కుముడి కూడా. సొంతంగా మాత్రలు కొనుక్కుని వేసుకోవడంతో తీరేది కాదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. లోపం ఉన్నప్పుడు తిండి మతిని కాపాడుతుంది, సరే. లోపమేమీ లేని వాళ్లకు ప్రత్యేకమైన ఆహారంతో అల్జీమర్స్ లాంటి జబ్బు ఆగుతుందా? 2015లో షికాగోలోని రష్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్తా క్లేర్ మోరిస్ బృందం, ఆకుకూరలు, పప్పులు, గింజలు, చేపలు ఎక్కువగా, మిఠాయిలు, వెన్న, వేపుళ్లు తక్కువగా ఉండే మైండ్ ఆహారాన్ని బాగా పాటించినవారిలో అల్జీమర్స్ ముప్పు సగానికి పైగా తక్కువగా ఉందని ప్రకటించింది. పత్రికలు దాన్ని పండగ చేసుకున్నాయి. అది పరిశీలన మాత్రమే. మంచి తిండి తినేవాళ్లు మరెన్నో విషయాల్లోనూ జాగ్రత్తగా ఉంటారు. జబ్బు లోపల మొదలైనవాళ్లకు, అది బయటపడక ముందే, తిండి మీద శ్రద్ధ తగ్గుతుంది కూడా. అదే ఆహారాన్ని 604 మంది పెద్దల మీద మూడేళ్లపాటు పరీక్షించి 2023లో ఫలితాలు వెల్లడించినప్పుడు, మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవారికీ మైండ్ ఆహారం తిన్నవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండు గుంపులూ స్వల్పంగా మెరుగుపడ్డాయి. మరోవైపు ఫిన్లండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,260 మందితో జరిగిన అధ్యయనంలో, ఆహారంతో పాటు వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల అదుపు అన్నీ కలిపి రెండేళ్లు సాగిస్తే కొంత మేలు జరిగిందని 2015లో తేలింది. ఆహారం ఒక్కటే ఎంత చేసిందో అందులోంచి విడదీయలేం.

ఈ సాక్ష్యాన్ని నేను ఉద్దాలకుడికి వ్యతిరేకంగా చదవను. ఆయన పరీక్షను మళ్లీ చూడండి. అన్నం మానేస్తే ఉన్న జ్ఞాపకం పోయింది, తింటే పోయినదే తిరిగి వచ్చింది. నేర్చుకోని వేదం అన్నం తిన్నంత మాత్రాన రాలేదు. అన్నం మనసుకు ఆధారమని ఆయన నిరూపించాడు, అన్నం మనసుకు అద్భుతం చేస్తుందని ఎక్కడా అనలేదు. ఈ తేడా పాటించకపోవడం వల్లే జ్ఞాపకశక్తి పేరుతో డబ్బాల్లో పొడులు అమ్ముకునేవాళ్లకు గిరాకీ ఉంటోంది. ఇంకా ఘోరం, జబ్బుపడిన మనిషినే తప్పుపట్టే అలవాటు పుట్టుకొస్తోంది. ఆయన స్వీట్లు మానలేదు కాబట్టి ఇలా అయ్యాడు, ఆవిడ నడవలేదు కాబట్టి ఇలా అయింది. అరవై దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉందని 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో, పట్నాల్లో కంటే పల్లెల్లో, చదువుకున్నవాళ్లలో కంటే చదువు లేనివాళ్లలో అది ఎక్కువ. చిన్నప్పుడు బడికి పంపని, కంచంలో ఆఖరి మెతుకులు మిగిల్చిన సమాజం, అరవై ఏళ్ల తర్వాత ఆ ఆడమనిషి తిండి క్రమశిక్షణ గురించి మాట్లాడటం అన్యాయం.

శుద్ధిని సమర్థించేవారు అదే ఉపనిషత్తు ఏడో అధ్యాయం చివర్న ఉన్న బోధను ఎత్తి చూపుతారు. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుంది, దానివల్ల స్మృతి నిలకడగా ఉంటుందని అక్కడ ఉంది. ముసలితనపు మరుపుకు ఇంతకంటే సూటిగా తగిలే మాట మన గ్రంథాల్లో అరుదు. దీని మీద ఆచార్యులు ఏకాభిప్రాయంతో లేరు. రామానుజుల సంప్రదాయం ఇక్కడ ఆహారమంటే తినే పదార్థమే అంటుంది. పదార్థం స్వభావం, అది వచ్చిన చేతులు, దానిలో పడిన మలినం అని మూడు దోషాలు లెక్కించి వాటిని తప్పించుకొమ్మంటుంది. శంకరులు కళ్లు, చెవులు మొదలైన ఇంద్రియాలన్నీ లోపలికి తెచ్చుకునేదంతా ఆహారమే అంటారు. పెద్దల విషయంలో శంకరుల వ్యాఖ్య నాకు ఎక్కువ పనికివచ్చేదిగా కనిపిస్తుంది. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘం డిమెన్షియాకు దారితీసే, మనం మార్చగలిగిన కారణాలు 14 అని తేల్చింది. వాటన్నిటినీ పట్టించుకుంటే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా. ఆ పద్నాలుగులో షుగరు, బీపీ, చెడు కొలెస్టరాల్, స్థూలకాయం ఉన్నాయి, ఇవి కంచంలోంచి వచ్చేవి. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, ఒంటరితనం కూడా ఉన్నాయి. చెవి వినపడని తాతకు మాటలు అందవు, శుక్లాలు తీయించని అమ్మమ్మకు మనుషుల ముఖాలు అందవు. శంకరుల లెక్కలో వాళ్లిద్దరూ పస్తున్నట్టే. వినికిడి యంత్రం కొనిపెట్టడం అన్నం పెట్టడమేనని ఆ వ్యాఖ్య నుంచి నేను గ్రహిస్తున్నాను.

మడి, ఆచారం పాటించే పెద్దలను కించపరచాలని నా ఉద్దేశం కాదు. ఉపవాసం వాళ్లకు దేవుడితో ఉన్న అనుబంధం, దాన్ని ఒక్క మాటతో తెంచెయ్యడం క్రూరత్వం. అయితే వ్రతాలు విధించిన శాస్త్రమే వాటికి హద్దులూ గీసింది. ఏకాదశి ఉపవాసం ఎనిమిదేళ్లు దాటి ఎనభై నిండని వారికని ధర్మశాస్త్ర నిబంధకారులు చెప్పారు. నీళ్లు, కందమూలాలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, మందు అనే ఎనిమిదీ వ్రతాన్ని చెడగొట్టవని కూడా చెప్పారు. రంజాన్ ఉపవాసం భరించలేని వృద్ధులు రోజుకొక పేదకు అన్నం పెడితే చాలునని ఇస్లాం అంటుంది. రోమన్ కాథలిక్కుల చట్టంలో ఉపవాస నియమం యాభై తొమ్మిదేళ్లతో ముగుస్తుంది. ఇన్ని మతాలు ఒకే చోట పట్టు సడలించాయంటే, వయసు మళ్లిన దేహం వేరని అన్నిటికీ తెలుసన్నమాట. ముసలివాళ్లకు దాహం సరిగా తెలియదు. నిర్జల ఏకాదశి నాడు నీళ్లు కూడా ముట్టకపోతే సాయంత్రానికి పిచ్చిపిచ్చిగా మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. షుగరు మాత్ర వేసుకుని అన్నం మానేస్తే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహే తప్పవచ్చు. మందు వ్రతభంగం కాదని శాస్త్రమే అన్నప్పుడు, ఆ మందుతో పాటు తినవలసిన తిండి వ్రతభంగం ఎలా అవుతుంది? గీత కూడా అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదంటుంది. పదిహేడో అధ్యాయంలో సాత్త్వికాహారం ఆయుస్సును, బలాన్ని, ప్రీతిని పెంచేదిగా, రసవంతంగా, జిడ్డు కలిగి, ఒంట్లో నిలిచేదిగా ఉండాలంటుంది. వండి జాము దాటినదాన్ని, రసం పోయినదాన్ని తామసమంటుంది. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉండగా ఊళ్లో ఒంటరిగా మిగిలిన తల్లి పొద్దున వండుకున్న అన్నాన్నే రాత్రి పచ్చడితో తిని పడుకుంటే, గీత దాన్ని ఏమంటుందో ఆలోచించాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దంటున్నాయి. ఆవిడ కంచంలో మెతుకులు తప్ప పప్పు, పెరుగు, ఆకుకూర దాదాపు లేవు.

వేదాంతి అడిగే ప్రశ్న మరొకటి. మనసు అన్నమయమైతే అది నశించేదే, ఆత్మ దానికి అతీతం, నశించేదాన్ని పట్టుకుని ఇంత ఆరాటం దేనికి? ఉపనిషత్తు నడిచిన వరుసలోనే నాకు జవాబు దొరుకుతోంది. జగత్తుకు మూలమైన సత్పదార్థమే జీవుడని చెప్పే మహావాక్యాన్ని ఉద్దాలకుడు తొమ్మిదిసార్లు చెబుతాడు. అదంతా ఉపవాస ఘట్టం తర్వాతే మొదలవుతుంది. ముందు కొడుకుకు అన్నం పెట్టి, మతి కుదుటపడ్డాక అసలు సంగతి ఎత్తుకున్నాడు. మనసును దాటి పోవలసినవాడికి కూడా దాటడానికి మనసే కావాలి.

ఈ ఆరాటం వెనక భక్తుల గుండెల్లో ఒక భయం ఉంది, బయటికి అనరు. అంత్యకాలంలో దేన్ని స్మరిస్తే దాన్నే పొందుతారని గీత ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. జీవితమంతా నామం జపించిన మనిషి చివరి నాలుగేళ్లు కన్నబిడ్డల పేర్లే మరిచిపోతే, దేవుడి పేరూ మరిచిపోతే, ఆ మనిషి గతి ఏమిటి? వైష్ణవులు వరాహ చరమశ్లోకంగా చెప్పుకునే ఉపదేశం దీనికి సమాధానం. మనసు, దేహం స్వస్థంగా ఉన్నప్పుడు నన్ను తలచినవాడు చివరికి కట్టెలా, రాయిలా పడి ఉంటే, అప్పుడు నేనే వాణ్ణి స్మరించి పరమగతికి చేరుస్తానని వరాహమూర్తి భూదేవికి మాట ఇస్తాడు. మతిపోయిన మనిషి పక్షాన ఇంత స్పష్టంగా నిలబడిన మాట మరొకటి నాకు తెలియదు. జ్ఞాపకం ఉంచుకునే పని అక్కడ భక్తుడి నుంచి భగవంతుడికి మారింది. ఇంట్లోనూ అలాగే మారాలి. ఆయన తిన్నారా లేదా, మాత్ర వేసుకున్నారా లేదా అన్నది గుర్తుంచుకునే పని ఇక మనది.

జబ్బు ముదిరాక అన్నం వద్దంటే దాన్ని ప్రాయోపవేశమనో, జైనుల సల్లేఖనమనో అనుకోవడం పొరపాటు. ఆ వ్రతాలు తెలివి నిలకడగా ఉన్నవారు ఆలోచించి చేసుకునే నిర్ణయాలు. డిమెన్షియాలో తిండి వద్దనడానికి మింగడం రాకపోవడమో, పంటి నొప్పో, దిగులో, కంచంలో ఉన్నది తినేదని తెలియకపోవడమో కారణం కావచ్చు. జబ్బు బాగా ముదిరినప్పుడు ముక్కులోంచో పొట్టలోకో గొట్టం వేయడం కంటే చేత్తో ఓపిగ్గా తినిపించడమే మేలని అమెరికా వృద్ధవైద్యుల సంఘం కూడా చెబుతోంది. ఆ తినిపించడం ఎలా ఉంటుందంటే, మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. పప్పన్నం పలుకు లేకుండా మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, చిన్న చెంచాడు పెదవికి తాకించి, నోరు తెరిచేదాకా ఆగాలి. గొంతులో మింగిన కదలిక కనబడ్డాకే రెండో చెంచా. పలచటి మంచినీళ్లకు పొలమారితే కాస్త చిక్కని జావ పట్టాలి. ముప్పావుగంట పడుతుంది. తినిపించాక కూడా కాసేపు పడుకోబెట్టకూడదు. అంతా అయ్యాక కంచంలో సగం మిగలవచ్చు. ఇక ఏం పెట్టినా దిగని దశ కూడా వస్తుంది, అప్పుడు బలవంతంగా కుక్కడం హింస. పెదవులు తడిపి పక్కన కూర్చోవడమే అప్పటికి చేయగలిగిన సేవ.

మన గుళ్లలో నిత్యాన్నదానాలకు విరాళాలు ఇస్తున్నాం, మంచిదే. దానితో పాటు ఈ నాలుగు పనులూ చేయండి. ఇంట్లో అరవై దాటినవాళ్లకు, ముఖ్యంగా శాకాహారులకు, షుగరు మాత్రలు వాడేవాళ్లకు, బీ12 పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఉపవాసం ఉంటామంటే వాదించకండి, పాలు, పండ్లు, నీళ్లు, మందులు వ్రతానికి అడ్డురావని శాస్త్రం పేరు చెప్పి ఒప్పించండి. వాళ్ల మాట వినే పురోహితుడు ఉంటే ఆయన చేతే చెప్పించండి. ఊళ్లో ఒంటరిగా ఉన్నవాళ్లకు ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా’ అని అడిగి ఊరుకోకుండా, ఏం తిన్నారో, ఎప్పుడు వండినదో, పక్కన ఎవరు కూర్చున్నారో అడగండి.